పీడీఎఫ్ మళ్లీ మళ్లీ ఎడ్జ్‌లోనే తెరుచుకుంటోంది: విండోస్ 11లో డిఫాల్ట్ యాప్ ఎందుకు నిలవదు, ఎలా నిలపాలి

మీరు అడిగింది ఇది. నెట్ సెంటర్‌లో విండోస్ 11 ఉన్న కంప్యూటర్లు మూడున్నాయి. ఈ-ఆధార్ మీద సంతకం దగ్గర పచ్చ టిక్ రావాలని పీడీఎఫ్‌లకు అక్రోబాట్ రీడర్‌ను డిఫాల్ట్‌గా పెడుతున్నారు, రెండు మూడు రోజులకే మళ్లీ మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ వచ్చేస్తోంది. క్రోమ్‌ను డిఫాల్ట్ బ్రౌజర్ చేసినా కొన్ని లింకులు ఎడ్జ్‌లోకే పోతున్నాయి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని మార్చే ఫైల్ ఎవరో ఇస్తే, అది నడిపినా లాభం లేకపోయింది.

"డిఫాల్ట్ నిలవడం లేదు" అని అందరం ఒకే మాట అంటాం గానీ, మీరు రాసినదాంట్లో వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచేయదు. అందుకే సెట్టింగులు ముట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి. ఏదో ఒక పీడీఎఫ్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, బ్రౌజర్లన్నీ మూసేసి, దాన్ని డబుల్ క్లిక్ చేయండి. అక్రోబాట్‌లో తెరుచుకుంటే విండోస్ డిఫాల్ట్ బాగానే ఉంది, తేడా బ్రౌజర్‌లో ఉంది. ఎడ్జ్‌లో తెరుచుకుంటే డిఫాల్ట్ నిజంగానే మారిపోయింది. నెట్ సెంటర్లలో వచ్చే ఫిర్యాదుల్లో మొదటి రకమే ఎక్కువ, కాబట్టి దాన్నే ముందు చూద్దాం.

వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ లింకు నొక్కినప్పుడు విండోస్‌ను ఎవరూ అడగరు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ సొంత పీడీఎఫ్ వ్యూయర్ ఉంది. ఫైల్ బ్రౌజర్ గడప దాటకముందే అక్కడే తెరుచుకుంటుంది. మీరు విండోస్‌లో ఎన్నిసార్లు అక్రోబాట్ పెట్టినా దీని మీద ప్రభావం ఉండదు. దీన్ని బ్రౌజర్‌లోనే మార్చాలి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్, పీడీఎఫ్ డాక్యుమెంట్స్ వరుసలో వెళ్లి "డౌన్‌లోడ్ పీడీఎఫ్స్" ఎంచుకోండి. ఎడ్జ్‌లో ఈ మెనూ చోటు వెర్షన్‌ను బట్టి మారుతూ వస్తోంది. సెట్టింగ్స్ పైనున్న సెర్చ్ పెట్టెలో పీడీఎఫ్ అని కొడితే "ఆల్వేస్ డౌన్‌లోడ్ పీడీఎఫ్ ఫైల్స్" అనే స్విచ్ దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్ జాబితాలో పోర్టబుల్ డాక్యుమెంట్ ఫార్మాట్ ఎదురుగా "సేవ్ ఫైల్" గానీ, అక్రోబాట్ పేరు గానీ పెట్టండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఫైల్ దిగాక బ్రౌజర్ మూలన వచ్చే డౌన్‌లోడ్ల జాబితాలో దాని పేరు మీద నొక్కితే, బ్రౌజర్ మళ్లీ తనలోనే చూపించవచ్చు. పేరు పక్కనున్న ఫోల్డర్ బొమ్మ నొక్కి, ఫోల్డర్‌లోంచి తెరవండి. పనివాళ్లకు ఈ ఒక్క అలవాటు చేయిస్తే సగం గొడవ తగ్గుతుంది.

ఇప్పుడు రెండో రకం: డెస్క్‌టాప్ మీది ఫైలే ఎడ్జ్‌లో తెరుచుకోవడం. ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఆ రిజిస్ట్రీ ఫైల్ ఎందుకు పారలేదో కూడా తెలుస్తుంది.

విండోస్ 7 వరకు ఏ ప్రోగ్రామ్ అయినా ఇన్‌స్టాల్ అవుతూనే "ఈ రకం ఫైళ్లన్నీ నావే" అని రిజిస్ట్రీలో రాసేసుకునేది. టూల్‌బార్లు, నకిలీ బ్రౌజర్లు ఆ వీలును బాగా వాడుకున్నాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ దీనికి ఒక ముద్ర పెట్టింది. మీరు ఎంచుకున్న యాప్ పేరు "యూజర్ చాయిస్" అనే చోట నమోదవుతుంది, దాని పక్కనే ఒక హ్యాష్, అంటే లెక్కగట్టి తీసిన గుర్తు, ఉంటుంది. ఫైల్ రకం, మీ విండోస్ ఖాతాకు ఉన్న గుర్తింపు సంఖ్య, యాప్ పేరు, ఆ నమోదు జరిగిన సమయం, ఇవన్నీ కలిపి ఆ హ్యాష్‌ను లెక్కగడతారు. లెక్క సరిపోకపోతే విండోస్ ఆ నమోదును నమ్మదు. దాన్ని కొట్టేసి తన యాప్‌ను పెట్టి, "యాన్ యాప్ డిఫాల్ట్ వాజ్ రీసెట్" అని మూలన ఒక నోటిఫికేషన్ చూపిస్తుంది. ఒక కంప్యూటర్‌లో తీసిన రిజిస్ట్రీ ఫైల్ ఇంకో కంప్యూటర్‌లో పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఖాతా వేరు, సమయం వేరు, ముద్ర కలవదు. దీనికి తోడు 2024 మొదట్లో వచ్చిన అప్‌డేట్లతో యూసీపీడీ అనే డ్రైవర్ కూడా చేరింది. వెబ్ లింకులకూ పీడీఎఫ్‌కూ సంబంధించిన ఆ నమోదులను బయటి ప్రోగ్రామ్‌లు, రిజిస్ట్రీ ఎడిటర్‌తో సహా, తాకకుండా ఇది అడ్డుపడుతుంది. ఈ డ్రైవర్‌ను ఆపేయమని కొందరు వీడియోల్లో చెబుతుంటారు. జనం ఆధార్, బ్యాంకు కాగితాలు తెరిచే కంప్యూటర్‌లో ఆ పని చేయకండి. సెట్టింగ్స్‌లోంచి చేత్తో మార్చితే దానితో ఏ పేచీ ఉండదు.

ముద్ర ఆలోచన మంచిదే. కానీ అదే అదనుగా ఎంపికను కష్టం చేయడం మాత్రం మంచిది కాదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు జనం పెట్టుకున్న బ్రౌజర్‌ను పక్కన పెట్టేస్తున్నారంటూ ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అప్పటి సీఈఓ క్రిస్ బియర్డ్ సత్య నాదెళ్లకు బహిరంగ లేఖ రాశారు. 2021 అక్టోబరులో విండోస్ 11 మొదటి వెర్షన్ ఇంకాస్త బిగించింది. బ్రౌజర్ మార్చాలంటే ఒక్కో ఫైల్ రకానికీ, ఒక్కో లింకు రకానికీ విడివిడిగా మార్చుకోవలసి వచ్చేది. విమర్శలొచ్చాక 2022 మార్చి చివరి అప్‌డేట్‌తో "సెట్ డిఫాల్ట్" అనే ఒకే బటన్ ఇచ్చారు. ఆ బటన్ మార్చేది హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ లింకులనూ, డాట్ హెచ్‌టీఎం, డాట్ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లనూ మాత్రమే. మన దగ్గర పీడీఎఫ్ దాని కిందికి రాదు. "క్రోమ్‌ను డిఫాల్ట్ చేశాను కదా, పీడీఎఫ్ ఇంకా ఎడ్జ్‌లో ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

సరైన వరుస ఇలా ఉండాలి. తొందరలో మెట్లు దాటేయవద్దు, వరుస ముఖ్యం.

1. ముందు అక్రోబాట్ రీడర్‌ను అడోబ్ సైట్ నుంచి తాజాగా ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి తెరిచి, వచ్చిన అప్‌డేట్లు పూర్తికానివ్వండి. డిఫాల్ట్ పెట్టాక పెద్ద అప్‌డేట్ వస్తే యాప్ తన నమోదు పేరు మార్చుకోవచ్చు. అప్పుడు మీ ఎంపిక లేని పేరును చూపిస్తూ ఉండిపోతుంది, విండోస్ ఎడ్జ్‌కు జారిపోతుంది.

2. వాడని పాత పీడీఎఫ్ రీడర్లు, "క్లీనర్", "బూస్టర్" పేర్లతో ఉన్న ప్రోగ్రామ్‌లు తీసేయండి. ముద్ర లేకుండా నమోదును గెలికేవి ఎక్కువగా ఇవే.

3. సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లండి. పైన ఖాళీ పెట్టె ఉంటుంది. అందులో చుక్క పెట్టి పీడీఎఫ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. చుక్క మర్చిపోవద్దు. కింద ప్రస్తుతం ఉన్న యాప్ కనిపిస్తుంది. దాని మీద నొక్కి, జాబితాలో అడోబ్ అక్రోబాట్‌ను ఎంచుకుని, "సెట్ డిఫాల్ట్" నొక్కండి. ఎడ్జ్‌ను వదలొద్దని మధ్యలో ఏదైనా పెట్టె వస్తే "స్విచ్ ఎనీవే" నొక్కండి.

4. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, డెస్క్‌టాప్ మీది పీడీఎఫ్‌తో మొదటి పరీక్ష మళ్లీ చేయండి.

ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ విత్", "చూజ్ అనదర్ యాప్" దారిలోనూ ఇదే పని అవుతుంది. కాకపోతే అక్కడ "ఆల్వేస్", "జస్ట్ వన్స్" అని రెండు బటన్లుంటాయి. రెండోది నొక్కి డిఫాల్ట్ మారిందనుకునేవారు చాలామంది. విండోస్ 10లో బటన్లు కాకుండా కింద ఒక టిక్ పెట్టె ఉంటుంది, దాన్ని టిక్ చేయాలి.

జాబితాలో అక్రోబాట్ కనిపించకపోతే "చూజ్ యాన్ యాప్ ఆన్ యువర్ పీసీ" నొక్కి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచి దాన్ని వెతికి పెట్టుకోవచ్చు. కానీ ఇది తాత్కాలికమే. అలా పెట్టినప్పుడు విండోస్ ఆ ఒక్క ఫైల్ ఉన్న చోటునే గుర్తుపెట్టుకుంటుంది. యాప్ వేరే ఫోల్డర్‌లోకి మారితే లింకు తెగిపోతుంది. అక్రోబాట్ మెనూలోనో, కంట్రోల్ ప్యానెల్‌లోనో రిపేర్ నడిపి, సరిగా నమోదయ్యాక మళ్లీ మూడో మెట్టు చేయండి. ఇన్‌స్టాల్ అవసరం లేని పోర్టబుల్ యాప్‌లు ఈ జాబితాలో సాధారణంగా కనిపించకపోవడానికి కారణం కూడా నమోదు లేకపోవడమే.

ఇంత చేసినా రెండు మూడు రోజులకు మళ్లీ మారుతోందంటే, మూయవలసిన తలుపులు కొన్ని ఉన్నాయి. పెద్దది, అప్‌డేట్ తర్వాత నిండు తెరతో వచ్చే "లెట్స్ ఫినిష్ సెట్టింగ్ అప్ యువర్ డివైస్". అందులో "రికమెండెడ్ బ్రౌజర్ సెట్టింగ్స్" అనే పేజీ వస్తుంది. దానికి సరే అంటే ఎడ్జ్ తిరిగొస్తుంది. రద్దీలో ఉన్న పనివాడు గబగబా నెక్స్ట్ నొక్కేస్తాడు, మర్నాడు ఎవరు మార్చారో ఎవరికీ తెలియదు. సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్ పేజీ అడుగున "అడిషనల్ సెట్టింగ్స్" తెరిచి, అందులోని టిక్కులన్నీ తీసేయండి. ఎడ్జ్ తెరిచినప్పుడు పైన వచ్చే "డిఫాల్ట్‌గా పెట్టుకోండి" పట్టీని కూడా చదివే మూయాలి.

నెట్ సెంటర్ కాబట్టి ఇంకో మాట అడగాలి. ఈ కంప్యూటర్లలో డీప్ ఫ్రీజ్ లాంటిది ఉందా? రీస్టార్ట్ చేసినప్పుడల్లా పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటే మీరు పెట్టిన డిఫాల్ట్ కూడా దానితోపాటే తుడిచిపెట్టుకుపోతుంది. ముందు దాన్ని "థాడ్" (ఫ్రీజ్ తీసేసిన) స్థితిలో బూట్ చేసి, పైన చెప్పినవన్నీ పూర్తి చేసి, పరీక్షించాకే మళ్లీ ఫ్రీజ్ చేయాలి. అలాగే డిఫాల్ట్‌లు ఖాతాకు ఖాతాకు వేరు. యజమాని ఖాతాలో మార్చి, కస్టమర్లు వాడే ఖాతాలో మార్చకపోతే అక్కడ ఎడ్జే ఉంటుంది.

డిఫాల్ట్ యాప్స్ పేజీ అడుగున "రీసెట్ ఆల్ డిఫాల్ట్ యాప్స్" అని ఉంటుంది. పేరు చూసి అది సమస్యను సరిచేస్తుందనుకోవద్దు. అది అన్నిటినీ మైక్రోసాఫ్ట్ యాప్‌లకే తిప్పుతుంది.

లింకుల సంగతి. టాస్క్‌బార్ సెర్చ్‌లోనో, విడ్జెట్స్‌లో వార్త మీదో నొక్కితే వచ్చేది మామూలు వెబ్ లింకు కాదు. దానికి ముందు ఎడ్జ్ పేరుతోనే ఒక ప్రత్యేక గుర్తు ఉంటుంది కాబట్టి అది నేరుగా ఎడ్జ్‌కే పోతుంది, డిఫాల్ట్ బ్రౌజర్‌ను చూడదు. ఈ లింకులను దారి మళ్లించే ఎడ్జ్ డిఫ్లెక్టర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉండేది, 2021 చివరలో ఆ దారినీ మూసేశారు. యూరప్‌లో పెద్ద టెక్ కంపెనీలను కట్టడి చేసే డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ వచ్చాక, 2024 నుంచి అక్కడి కంప్యూటర్లలో పద్ధతి మారింది, ఈ లింకులు డిఫాల్ట్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉన్న మనవాళ్లకు, సెటప్‌లో ఆ దేశం ఎంచుకుని ఉంటే, ఆ వెసులుబాటు ఉంటుంది. భారత్ ఎంచుకున్న కంప్యూటర్లకు లేదు. చట్టం గట్టిగా అడిగితే చేయగలిగిన పనే ఇది, మనకెందుకు ఇవ్వరన్న కోపం న్యాయమైనదే. అప్పటిదాకా విడ్జెట్స్‌ను టాస్క్‌బార్ సెట్టింగుల్లో ఆపేసి, వెతకడానికి నేరుగా క్రోమ్ తెరవడమే ఉపాయం. అవుట్‌లుక్ వాడేవాళ్లకు ఇంకో స్విచ్ ఉంది. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "లింక్ హ్యాండ్లింగ్" కింద డిఫాల్ట్ బ్రౌజర్ ఎంచుకోవాలి.

మెయిల్ చిరునామా మీద నొక్కితే జీమెయిల్ తెరుచుకోవాలన్నా రెండు చోట్ల మార్చాలి. విండోస్‌లో మెయిల్‌టూ (మెయిల్ చిరునామాల) లింకు రకానికి క్రోమ్‌ను పెట్టాలి, క్రోమ్‌లో జీమెయిల్ తెరిచి అడ్రస్ బార్ చివర వచ్చే చిన్న గుర్తు నొక్కి అనుమతించాలి. ఒక్కటే చేస్తే ఖాళీ ట్యాబ్ వచ్చి ఆగిపోతుంది.

ఇక అసలు మీకు కావలసిన పచ్చ టిక్. డిఫాల్ట్ కుదిరినంత మాత్రాన అది రాదు. ఈ-ఆధార్‌ను అక్రోబాట్ రీడర్‌లో తెరవండి. పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలు: ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకంతో "వ్యాలిడిటీ అన్‌నోన్" అని ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి "వ్యాలిడేట్ సిగ్నేచర్", ఆ తర్వాత "సిగ్నేచర్ ప్రాపర్టీస్", "షో సర్టిఫికెట్" వరుసలో వెళ్లండి. సర్టిఫికెట్ ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ పేరు మీదే ఉందో లేదో ఇక్కడ తప్పక చూడండి. ఉంటేనే "ట్రస్ట్" ట్యాబ్‌లో "యాడ్ టు ట్రస్టెడ్ ఐడెంటిటీస్" నొక్కి, ఓకే చేసి, మళ్లీ "వ్యాలిడేట్ సిగ్నేచర్" నొక్కండి. ఆ సర్టిఫికెట్‌తో సంతకమైన ఈ-ఆధార్‌లన్నిటికీ ఆ విండోస్ ఖాతాలో ఇక టిక్ వస్తుంది. యూఐడీఏఐ సర్టిఫికెట్ మార్చినప్పుడు మళ్లీ ఒకసారి చేయాలి. ప్రింట్ తీశాక కస్టమర్ ఫైల్‌ను డౌన్‌లోడ్స్‌లోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయడం మీ బాధ్యత.

కెనడా వీసాకు పెట్టుకునే విద్యార్థులు మీ దగ్గరికి వస్తే ఇదే సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఆ ఇమిగ్రేషన్ దరఖాస్తుల్లో చాలావాటిని క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరిస్తే ఫారం బదులు "ప్లీజ్ వెయిట్" అనే పేజీ ఒక్కటే వస్తుంది. ఎంతసేపు ఆగినా అది మారదు. ఫైల్ పాడవలేదు. అది పీడీఎఫ్‌లోనే ఎక్స్‌ఎఫ్‌ఏ అనే వేరే రకం ఫారం, క్రోమ్, ఎడ్జ్ వ్యూయర్లు దాన్ని సరిగా చదవవు. దించుకుని అక్రోబాట్‌లో తెరవాలి.

మీరు అడగకపోయినా డాట్ సీఎస్‌వీ ఫైళ్ల (కామాలతో విడదీసిన పట్టికల) గురించి చెప్పాలి, ఎందుకంటే ఇందులో నష్టం నిజంగా జరుగుతుంది. ఎక్సెల్ ఉన్న కంప్యూటర్‌లో వీటికి డిఫాల్ట్ ఎక్సెలే. తెలుగు పేర్లున్న సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేస్తే చాలాసార్లు అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా వస్తాయి. ఫైల్ యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచే పద్ధతి)లో ఉండి, ఆ సంగతి చెప్పే గుర్తు మొదట్లో లేకపోతే ఎక్సెల్ దాన్ని పాత అక్షర పద్ధతిలో చదువుతుంది. అంతకంటే ప్రమాదం అంకెలతో. ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతాయి. 12 అంకెల ఆధార్ నంబరు మధ్యలో ఇంగ్లీషు ఈ అక్షరంతో కుదించి కనిపిస్తుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా ఉంచుతుంది కాబట్టి ఆధార్ నంబరు బదులు ఇచ్చే 16 అంకెల వర్చువల్ ఐడీలో చివరి అంకె సున్నా అయిపోతుంది. తెరిచి చూసినంతవరకు ఫర్వాలేదు, సేవ్ నొక్కితే మాత్రం అసలు అంకెలు పోయినట్టే. అందుకే సీఎస్‌వీకి డిఫాల్ట్‌గా లిబ్రే ఆఫీస్ కాల్క్ పెట్టండి. అది తెరిచేముందు ఒక పెట్టె చూపిస్తుంది, అందులో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అనీ, నంబర్ల కాలమ్ రకం "టెక్స్ట్" అనీ పెట్టాలి. ఎక్సెలే కావాలంటే డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ షీట్ తెరిచి డేటా మెనూలో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" ద్వారా తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 (యూటీఎఫ్-8) ఎంచుకుని, "ట్రాన్స్‌ఫార్మ్ డేటా"లో నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి లోడ్ చేయండి.

మూడు కంప్యూటర్లే కాబట్టి చేత్తో చేసుకోవడమే మేలు. పదుల సంఖ్యలో ఉండి, ఆఫీసు డొమైన్‌లో (అన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే నెట్‌వర్క్‌లో) కలిసి ఉంటే మాత్రం ఒక కంప్యూటర్‌లోని డిఫాల్ట్‌లను విండోస్‌లోని డిజమ్ (DISM) కమాండ్‌తో ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా తీసి, అన్నిటికీ ఒకే నియమం పెట్టే గ్రూప్ పాలసీలో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కింద ఉన్న "సెట్ ఎ డిఫాల్ట్ అసోసియేషన్స్ కాన్ఫిగరేషన్ ఫైల్"లో ఇవ్వచ్చు. సైన్ ఇన్ అయినప్పుడల్లా అది మళ్లీ అమలవుతుంది. అదే ఎక్స్‌ఎంఎల్‌ను డిజమ్‌తోనే ఇంపోర్ట్ చేస్తే కొత్తగా సృష్టించే ఖాతాలకు మాత్రమే వర్తిస్తుంది, ఉన్న ఖాతాలు మారవు. "కమాండ్ సక్సెస్ అని వచ్చింది, ఏమీ మారలేదు" అనేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు.

చివరగా ప్రింటర్. సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆన్‌లో ఉంటే, ఆఖరున వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. ఒకరు "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్" వాడితే తర్వాతి కస్టమర్ కాగితం ప్రింటర్‌కు పోకుండా, ఫైల్‌కు పేరు పెట్టమని పెట్టె వస్తుంది. దాన్ని ఆఫ్ చేసి, మీ లేజర్ ప్రింటర్ పేరు మీద నొక్కి "సెట్ యాజ్ డిఫాల్ట్" చేయండి. ఆ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఈ బటన్ కనిపించదు, కాబట్టి ముందు ఆఫ్ చేయాలి.